మిషను చెప్తే అక్కకి జీతం ఎందుకు?

పర్లాకిమిడి

చిట్టికీ, బాబుకీ, మీ వీధి గుంటలందరికీ తాత ఆశీస్సులు.

పూజా సెలవులకి మీరిక్కడ ఉన్నప్పుడు వాయుగుండం పట్టింది, గుర్తుందా? నానమ్మ ఫోను కుయ్యిమని మోగితే, ఒడియాలో వచ్చిన మెసేజ్ చిట్టి చదివి తెలుగులో చెప్పింది. బాత్యా, అంటే తుఫాను, వస్తోంది, చేపలవాళ్ళు సముద్రంలోకి పోవద్దు అని. బయట చూస్తే ఎండ. నానమ్మ డాబా మీద వడియాలు ఇంకా తియ్యనే లేదు. "రాని తుఫాను సంగతి వీళ్ళకెవరు చెప్పారు తాతా?" అంది చిట్టి. పెద్ద కంప్యూటరు లెక్క కట్టి చెప్పిందన్నాను. అంతలో బాబు పప్పన్నం కలుపుతూ, "అన్నీ మిషనే చెప్తే పెద్దక్కకి జీతం ఎందుకు?" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం జవాబు తట్టలేదు. పెద్దక్క అలాంటి పెద్ద కంప్యూటర్ల దగ్గరే ఉద్యోగం చేస్తోంది, సూపర్‌కంప్యూటర్లంటారు వాటిని. ఏం చేస్తుందో మన ఇంట్లో ఒక్కరికీ తెలీదు. సంబంధాలవాళ్ళు అడిగితే మీ పెదనాన్న "కంప్యూటర్లో" అని దగ్గుతాడు. మీరు రాయగడ వెళ్ళిపోయాక దానికి రెండుసార్లు ఫోన్ చేసి అన్నీ అడిగాను. అర్థమైనంత రాస్తున్నాను.

నాకు బాగా తెలిసిన మిషను ధాన్యం మిల్లు ఒక్కటే. కాబట్టి దాంతోనే చెప్తాను.

మా చిన్నప్పుడు ఊరి చివర హల్లర్ మిల్లు ఉండేది. ఓ పక్క ఆయిల్ ఇంజను, ఓ పక్క మిల్లు, రెండింటికీ నడుమ పొడుగాటి తోలు బెల్టు. బెల్టు జారినప్పుడల్లా ఇంజను డ్రైవరు దాని మీద గుగ్గిలం పొడి చల్లేవాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఇంజను కాగిపోకుండా దాని నెత్తిన ఉన్న తొట్టెలో నీళ్ళు పోస్తూ ఉండాలి. ఆ పని నాది. నాకప్పుడు పదకొండేళ్ళు. కూలి కింద డబ్బులిచ్చేవారు కాదు, మా గేదెకి బుట్టెడు తవుడు ఇచ్చేవారు. బడి ఎగ్గొట్టి వెళ్ళిన రోజులూ ఉన్నాయి, మీ నాన్నకి చెప్పకండి.

పండగ ముందు మిల్లు దగ్గర బస్తాల బారు చూడాలి! గుమాస్తా చీటీలిచ్చేవాడు. బుగత ఇంటి ఇరవై బస్తాలు ముందు పడితే, అరబస్తా తెచ్చిన ముసలమ్మ పొద్దుగూకేదాకా కూర్చోవాలి. అందుకని పెద్ద బేరం వాళ్ళు బండి దింపుకునే లోపల గుమాస్తా చిన్న మూటలు రెండు మూడు మధ్యలో దూర్చేసేవాడు. పెద్దక్క వాళ్ళ దగ్గరా అచ్చం ఇదే. ఒక్క కంప్యూటరు, వందల మంది గిరాకీ. ఒకరికి మందు అణువు ఎలా మెలి తిరుగుతుందో కావాలి, ఇంకొకరికి నక్షత్రం ఎలా పేలుతుందో కావాలి. అందరి లెక్కలూ బారులో నిలబడతాయి. చీటీలిచ్చే గుమాస్తా అక్కడ మనిషి కాదు, స్లర్మ్ అనే ప్రోగ్రాము. చిన్న మూటల్ని సందుల్లో దూర్చడం దానికీ వచ్చు. అయితే ఎవరికెంత వాటా, ఎవరిది అత్యవసరం అనే రూళ్ళు మాత్రం పెద్దక్క లాంటి వాళ్ళే రాసిపెట్టాలి. వాటా చాలలేదని ప్రొఫెసర్లు చేసే ఫోన్లు కూడా వాళ్ళే ఎత్తాలి.

నీళ్ళ పనీ ఉంది. ఆ కంప్యూటరు బల్ల మీద పెట్టేది కాదు, నిలువెత్తు బీరువాలు వరసగా ఉంటాయి. లోపల వేల చిప్పులు ఒకేసారి పనిచేస్తుంటే వేడి ఇంజనుకి తీసిపోదు. చల్లగాలితోనో, గొట్టాల్లో నీళ్ళతోనో ఆ వేడి లాగెయ్యాలి. "నువ్వు బిందెతో పోసేవాడివి, మేం పంపులతో పోస్తున్నాం తాతా" అంది పెద్దక్క. ఆ మాట నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇక తుఫాను. ఇక్కడ నా మిల్లు పోలిక కాస్త చెడుతుంది, అయినా వదలను. గాలి మొత్తాన్ని గళ్ళగళ్ళుగా కోశారనుకోండి. ఒక్కో గడిలో గాలి ఎటు వీస్తోంది, ఎంత వేడి, ఎంత తడి, ఎంత ఒత్తిడి అని కొలతలు వేస్తారు. కొన్ని నిమిషాల తర్వాత ఆ గడిలో ఏమవుతుందో లెక్క కడతారు. మళ్ళీ ఇంకొన్ని నిమిషాలు. అలా రాబోయే ఐదు రోజుల దాకా నడుచుకుంటూ పోతారు. చిక్కేమిటంటే, మీ గడిలో ఏమవుతుందో తెలియాలంటే పక్క గళ్ళ సంగతి కూడా తెలియాలి. మిల్లులో ఒకరి బస్తాకీ ఇంకొకరి బస్తాకీ మాటల్లేవు. ఇక్కడ బస్తాలన్నీ క్షణక్షణం మాట్లాడుకోవాలి. ఒక్కటి ఆలస్యం చేస్తే మిగతావన్నీ చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. గడి వెడల్పు సగానికి తగ్గించామా, గళ్ళు నాలుగింతలవుతాయి. అడుగులూ పొట్టివి వెయ్యాలి కాబట్టి పని ఎనిమిదింతలవుతుంది. మన దేశంలో 12 కిలోమీటర్ల గడితో కట్టే లెక్కని 2025లో 6 కిలోమీటర్లకి దించారు.

ఈ లెక్కని మొదట చేత్తో కట్టినవాడు రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సు నడుపుతూ, తీరిక దొరికినప్పుడు ఎండుగడ్డి కుప్ప దగ్గర కూర్చుని రాసుకున్నాడు. ఆరు గంటల వాతావరణం కట్టడానికి ఆరు వారాలు దాకా పట్టింది. ఇంతా చేస్తే లెక్క ఘోరంగా తప్పింది! అయినా దాచుకోకుండా తప్పుతో సహా 1922లో పుస్తకం వేశాడు. అరవై నాలుగు వేల మందిని ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి లెక్కలు కట్టిస్తే గాలితో సమానంగా పరిగెత్తొచ్చని అందులో కలగన్నాడు. ఇప్పుడు పూణేలో అర్క అనే కంప్యూటరుంది, 2024లో పెట్టారు. అది సెకనుకి 117 కోటి కోట్ల లెక్కలు దాకా కట్టగలదు. బాబు సెకనుకి ఒకటి చొప్పున, నిద్రా తిండీ మానేసి కట్టుకుంటూ పోతే, ఆ ఒక్క సెకను పని 37 కోట్ల ఏళ్ళకి తెములుతుంది.

1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర మహా తుఫాను తీరం దాటినప్పుడు వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తాకితే అంతకు ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు, పోయినవాళ్ళు పదుల్లోనే. లెక్క ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటుతుందని ముందే తెలుసు. ఆ వాన మన గజపతి జిల్లా కొండల మీద ఏం చేస్తుందో మాత్రం కొండ కింద పడుకున్నవాళ్ళకి తెలీలేదు. చరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ వారం నానమ్మ అన్నం సరిగా తినలేదు.

ఎక్కడికో వెళ్ళిపోయాను. జీతం సంగతికి వస్తాను.

మా మిల్లు ఓనరు ఓ ఏడాది అప్పుచేసి రెండో ఇంజను తెచ్చాడు. కొబ్బరికాయ కొట్టారు, పసుపు పూశారు, అందరికీ శనగలు పంచారు. నెల తిరక్కుండానే డ్రైవరుకీ ఓనరుకీ జీతం దగ్గర మాటామాటా వచ్చి డ్రైవరు ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడు. ఇంకెవరికీ పని రాదు. రానిస్తేగా? ఎవరు చెయ్యి పెట్టినా తిట్టేవాడు. పండగ పండగంతా రెండు ఇంజన్లూ పడుకున్నాయి. కొత్త దాని కింద కోడి గుడ్లు పెట్టి పొదిగింది కూడా. జనం బస్తాలు బండ్లకెత్తి ఆంధ్రా సరిహద్దు దాటి పాతపట్నం తీసుకుపోయారు. నీళ్ళు పోసేవాడిని కదా, ఏ చప్పుడు మంచిదో ఏది చెడ్డదో నా చెవికి తెలుసు. ఏ నట్టు ఎటు తిప్పాలో మాత్రం ఎవరూ చూపించలేదు. ఆ కోడిని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

దేశంలోనూ శనగలు పంచే రోజే ఫోటోలు పడతాయి. 1988లో పూణేలో సీడాక్ అనే సర్కారు కంప్యూటర్ల సంస్థ పెట్టి, 1991 కల్లా పరమ్ 8000 అనే సూపర్‌కంప్యూటరు సొంతంగా కట్టుకున్నాం. 2015లో 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ అనే పథకం మొదలుపెట్టారు. దాని కింద 2019లో కాశీలో పరమ్ శివాయ్, ఆ తర్వాత ఖరగ్‌పూర్, హైదరాబాద్, ఇలా చాలా చోట్లకి వచ్చాయి. ఆ పథకంలో నాకు నచ్చింది వేరే. ఖరగ్‌పూర్, మద్రాసు, పాలక్కాడ్, గోవా ఐఐటీల్లో ఇవి నడిపేవాళ్ళనీ వాడేవాళ్ళనీ తయారుచేసే శిక్షణ కేంద్రాలు పెట్టారు. బీరువా ఐదారేళ్ళకి ముసలిదైపోతుంది. నేర్చుకున్న పిల్ల ఇంకా ముప్పై ఏళ్ళు పనిచేస్తుంది కదా.

పెద్దక్క చెప్పిన ఒక రాత్రి సంగతి. ఒక కుర్రాడి లెక్క పదకొండు రోజులుగా నడుస్తోంది. అర్ధరాత్రి ఒక బీరువాలో ఫ్యాను ఆగి వేడెక్కింది. పెద్దక్క ఆ భాగాన్ని ఆపేసింది, లెక్క తెగింది. కుర్రాడికి టెన్షన్, ఏడుపొక్కటే తక్కువ. కానీ ఆర్నెల్ల క్రితమే ఇది వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, గంట గంటకీ లెక్క ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడం నేర్పించింది. దాన్ని చెక్‌పాయింట్ అంటారట. దాంతో పోయింది గంట పనే. ఇప్పుడా కుర్రాడే ఇంకో ఇద్దరికి నేర్పుతున్నాడట. "మీ డ్రైవరు తిట్టేవాడు, నేను టీ ఇప్పిస్తా" అంది. బాబూ, అక్క జీతం అందుకు.

ఇంకా చెప్పాలని ఉంది కానీ, ఆ బీరువాలు నేనూ చూడలేదు. మీరు ఈ ఆదివారం ఓ పని చెయ్యండి. నాన్నని అడిగి మీ దగ్గర్లోని పిండిమర దగ్గరికి వెళ్ళండి. ఓ పక్కగా కూర్చోండి, అల్లరి వద్దు. నడిపే ఆయన అవతల ఎవరితోనో కబుర్లాడుతూ ఉంటాడు. ఉన్నట్టుండి మాట ఆపేసి మిషను వైపు తల తిప్పుతాడు. అప్పుడు ఏ చప్పుడు మారిందో విని నాకు రాయండి. తెలుగులోనే రాయండి, తప్పులున్నా ఫర్వాలేదు.

మీ తాత