నొప్పి తగ్గించే పనికి రేటు కట్టేదెలా?

కేన్సర్ బాగా ముదిరాక "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. ఇంటికొచ్చాక కూడా ఆ మనిషికి నొప్పి ఉంటుంది, ఆయాసం ఉంటుంది. పుండుకు కట్టు మార్చాలి, రాత్రంతా మేల్కొనే భార్యకో కొడుక్కో ధైర్యం చెప్పాలి. పాలియేటివ్ కేర్ అంటే ఈ పనే. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నర్సు, బండి, మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే నొప్పి మందు) మాత్రలు, అవసరమైతే డాక్టరు చాలు. ఇంత చవకైన వైద్యం కూడా చాలామందికి అందడం లేదు. ప్రభుత్వాలు డబ్బును దేనికి లెక్కగట్టి ఇస్తున్నాయన్న దగ్గరే చిక్కు మొదలవుతుందని నేననుకుంటాను.

మన ఆరోగ్య బీమా పథకాలు ఎక్కువగా ఆపరేషన్‌కింత, చికిత్సకింత అని ప్యాకేజీ కడతాయి. మంచం పక్కన నర్సు కూర్చున్న గంటను ఏ ప్యాకేజీలో రాస్తారు?

అమెరికా దీనికి వేరే దారి ఎంచుకుంది. ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు ధ్రువీకరించినవారికి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద హాస్పిస్ సేవ, అంటే చివరి దశలో నొప్పి తగ్గించి చూసుకునే సేవ, అందేలా 1982లో చట్టం చేసింది. చెల్లింపు రోజుకింత. ఇంటి దగ్గర మామూలు సేవైతే ఆ రోజు నర్సు వచ్చినా రాకపోయినా అంతే. కానీ పని రోజూ ఒకేలా ఉండదు. మొదట్లో మందుల మోతాదు కుదర్చాలి, మంచం, ఆక్సిజన్ ఏర్పాటు చేయాలి. చివరి రోజుల్లో మళ్లీ పరుగులే. నడుమ కాస్త నెమ్మది. అంటే ఎక్కువకాలం నెమ్మదిగా సాగే రోగి ఉంటే సంస్థకు లాభం, చివరి వారంలో వచ్చిన కేన్సర్ రోగి అయితే నష్టం. అందుకే 2016 జనవరి నుంచి మొదటి 60 రోజులకు ఎక్కువ రేటు, తర్వాత తక్కువ రేటు పెట్టారు. చివరి 7 రోజుల్లో నర్సు, సోషల్ వర్కర్ స్వయంగా వచ్చి గడిపిన సమయానికి అదనంగా ఇస్తున్నారు. రోగి అవసరం ఎటు పెరుగుతుందో డబ్బునూ అటు మళ్లించారన్నమాట. నాకు ఇది చాలా నచ్చింది.

కేరళలో కథ వేరు. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో చిన్న క్లినిక్‌గా మొదలైన పని, ఊళ్లలో వాలంటీర్ల చేతుల్లో పెరిగింది. 2008లో రాష్ట్రం ప్రత్యేక విధానం ప్రకటించింది. పంచాయతీలు తమ నిధులతో నర్సునీ, బండినీ, మందులనీ సమకూరుస్తాయి. అక్కడ కొంటున్నది ఇంటింటి సందర్శనని. ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో ఆశా కార్యకర్తకు తెలుసు కాబట్టి ఎంతమందికి అవసరమన్న అంచనా కూడా ఊళ్లోనే తయారవుతుంది.

మందు సంగతి మరో తలనొప్పి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ నిల్వ పెట్టుకోవడానికి ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల చుట్టూ తిరిగేవి. 2014 సవరణతో అది తేలికైంది. అయినా భయంతో మార్ఫిన్ రాయని డాక్టర్లున్నారు. శిక్షణకు డబ్బు కేటాయించకుండా మాత్రలే కొంటే అవి అల్మారాలోనే ఉండిపోతాయి.

తెలంగాణలో జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, ఇళ్లకు వెళ్లే 'ఆలన' వాహనాలున్నాయి. బడ్జెట్ కాగితంలో పడకలు, బండ్లు లెక్కపెట్టడం సులువు. నేను అడిగేది వేరే లెక్క: ఆదివారం రాత్రి రెండింటికి నొప్పి ఎక్కువైతే ఫోనెత్తే మనిషికి జీతం ఎవరిస్తున్నారు?