కరెంటు లేని ఊళ్లో హోటలు పొయ్యి

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

తుపాను హెచ్చరిక వచ్చి బడికి సెలవిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాంతోపాటు బుజ్జి సందేహం కూడా చెప్పింది: "కరెంటు పోతే మనింట్లో మిక్సీ కూడా తిరగదు కదా, హుద్‌హుద్ తుపాను అప్పుడు హోటళ్లవాళ్లు అంతమందికి ఎలా వండారు?" ఫోన్లో తేలే విషయం కాదు గనక రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం వేళకి హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు ఒక్క పూటలో పడిపోయాయి. చాలా పేటలకి రోజుల తరబడి కరెంటు రాలేదు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, మోటారు తిరక్కపోతే కుళాయిలో నీళ్లుండవు. పాలకీ నీళ్లకీ క్యూలు. ఇదే అదనుగా రేట్లు పెంచి అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ఉన్న బియ్యం పొయ్యి మీద పెట్టి వీధికి పంచినవాళ్లూ ఉన్నారు. ఈ ఉత్తరం రెండోరకం వాళ్ల గురించి.

హోటలంటే రోజూ పెళ్లి జరిగే ఇల్లనుకోండి. పొద్దున ఆరింటికి టిఫిను ముహూర్తం, పన్నెండింటికి భోజనాల ముహూర్తం. సరుకు ముందే దిగి ఉంటుంది, గుండిగలు బోర్లించి ఉంటాయి, ఎవరి పని ఏదో వాళ్లకి తెలుసు. మనింటి గ్యాసు బండ 14.2 కిలోలు, హోటలు బండ 19 కిలోలు. అలాంటివి నాలుగైదు ఒకే పైపుకి తగిలించి ఉంటాయి. మంటకి కరెంటు అక్కర్లేదు. గ్రైండరు తిరగదు కాబట్టి ఇడ్లీ, దోశ మాత్రం లేనట్టే. ఇంకో చిక్కుంది. పొగ లాగే ఫ్యాను ఆగిపోతుంది. తలుపులు మూసి అంత పెద్ద పొయ్యిలు వెలిగిస్తే విషవాయువు నిండి మనుషులు పడిపోతారు. అందుకే తెలిసిన వంట మాస్టరు పొయ్యిని పెరట్లోకి లాగిస్తాడు.

మా చిన్నతనంలో పెళ్లి వంటంటే గాడిపొయ్యి. మూరెడు వెడల్పు, మూరెడు లోతున, నాలుగు గుండిగలు వరసగా పట్టేంత పొడవున నేలలో గాడి తవ్వేవారు. గాలి వచ్చే వైపు నోరు, అటు చివర పొగ పోయే సందు. గుండిగ అడుగుకి బయట తడిమట్టి మెత్తితే మసి పట్టదు, తోమడం తేలిక. గ్యాసు అయిపోయిన హోటలుకి ఇప్పటికీ ఇదే గతి. కాని తుపాను తర్వాత ఊరంతా కట్టెలే అయినా అన్నీ పచ్చివే! పచ్చికట్టె కళ్లు మండిస్తుంది తప్ప అన్నం ఉడికించదు. ఎండుకట్టె ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

పెళ్లిలో పెరుగు ఆఖర్న వస్తుంది. తుపాను పెళ్లిలో పెరుగే మొదలు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజరు రెండు రోజులు, సగమే ఉంటే ఒక్క రోజు. అందుకే మొదటిరోజు పాలు, పెరుగు, పనీరు, మాంసం ఖర్చుపెట్టేయాలి. వెచ్చబడి చాలాసేపు ఉన్న కోడిమాంసాన్ని ఎంత మరిగించినా లాభం లేదు, పారేయాల్సిందే. ఆ తర్వాత ఆకుకూరలు, టమాటాలు. వంకాయ, దొండకాయ మర్నాటికి ఆగుతాయి. బంగాళాదుంప, ఉల్లిపాయ, గుమ్మడికాయ వారం దాకా ఉంటాయి. బియ్యం, పప్పు, చింతపండు ఎటూ పోవు.

పొట్లానికి పులిహోరని మించింది లేదు. చింతపండు పులుపూ నూనే అన్నాన్ని తొందరగా పాడవనివ్వవు. ఉప్మా గట్టిపడిపోతుంది, పప్పన్నం పులుస్తుంది, కొబ్బరిచట్నీ అన్నిటికన్నా ముందు చెడుతుంది. పది కిలోల బియ్యానికి కిలో చింతపండు, లీటరున్నర నూనె, అరకిలో పచ్చిమిర్చి, పావుకిలో దాటి ఉప్పు. నీళ్లకి కరువు కాబట్టి గంజి వార్చకుండా అత్తెసరు పెట్టాలి. పాత బియ్యమైతే ఇరవై లీటర్లు సరిపోతాయి. మూడొందల గ్రాముల చొప్పున ఎనభైకి పైగానే పొట్లాలు వస్తాయి.

తొందరపడితే చెడేది ఇక్కడే. వేడన్నం పొట్లం కడితే ఆవిరి లోపలే నీరై కారుతుంది, రెండు మూడు గంటల్లో జిగురొచ్చి వాసన కొడుతుంది. ఉతికిన పంచె మీదో పెద్ద పళ్లాల్లోనో రెండు వేళ్ల మందాన ఆరబోసి, వేడి పూర్తిగా పోయాకే కట్టాలి. పొట్లం మీద వండిన టైము రాయాలి. ఈ చివరిపని దాదాపు ఎవరూ చెయ్యరు. పెన్ను ఖర్చెంతని!

పంచడం దగ్గర నేను చెప్పిన పెళ్లి పోలిక కొంచెం కుంటుతుంది. పెళ్లిలో బంతికి అందరూ వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు. తుపానులో రాలేనివాళ్లకే ఆకలెక్కువ. ఆటోలో పొట్లాలేసుకుని బయల్దేరినవాళ్లంతా మెయిన్ రోడ్డు జంక్షన్లోనే ఆపుతారు. అక్కడున్నవాళ్లకి మూడేసి అందుతాయి, కాలువలో తేలేవి కూడా ఆ పొట్లాలే. చెట్టు అడ్డంపడిన సందులోకి, లిఫ్టు ఆగిన మేడ మీది ముసలమ్మకి ఏదీ చేరదు. పొద్దున్నే ఒక కుర్రాడు నడిచి వెళ్లి ఇంటింటికీ తలలు లెక్కపెట్టి చీటీ తేవాలి. బియ్యం కొలిచేది ఆ చీటీ చూశాకే. పక్క హోటలువాళ్లు ఏ వీధికి పెడుతున్నారో అడిగి వీధులు పంచుకోవాలి. పసిపిల్లలకి పులిహోర పనికిరాదు, కాచిన నీళ్లు, పాలపొడి వేరే కావాలి. స్తంభాలెక్కే లైన్‌మన్లకి ఒక పొట్లం చాలదు, రెండివ్వాలి. వాళ్లు పని చేస్తేనే మన మిక్సీ తిరిగేది.

వడ్డించే సప్లయరు గది రేకులు కూడా అదే గాలికి ఎగిరిపోయి ఉంటాయని మర్చిపోకండి. యజమాని ఊరికి అన్నం పెట్టి, పనివాడి జీతం కోస్తే అది ధర్మం కాదు.

సెలవులయ్యాక నాన్నతో మీ వీధి చివరి హోటలు వెనకవైపుకి వెళ్లి చూడండి. ఎన్ని బండలు ఒకే పైపుకి ఉన్నాయి, నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉంది, జనరేటరుకి ఏమేం తగిలించారు, అన్నం వారుస్తారా, అత్తెసరు పెడతారా అన్నీ లెక్కపెట్టి నాకు రాయండి. మధ్యాహ్నం పన్నెండు దాటాక మాత్రం వెళ్లకండి. ముహూర్తం వేళ మాస్టరు ఎవరి మాటా వినడు.

మీ
తాతయ్య