గ్రీన్ ఫీజు: డబ్బు పిల్లలది, సంతకం ఎవరిది?

సెమిస్టర్ ఫీజులు కట్టే రోజులొచ్చాయి. అనంతపురం క్యాంపస్‌లలో గ్రీన్ ఫీజు మాట మళ్ళీ లేచింది. తలా వందో రెండొందలో వేసుకుని మొక్కలు, సోలార్ లైట్లు, ఇంకుడు గుంతలు, హాస్టల్ చెత్తతో ఎరువు తయారీ లాంటివి మొదలుపెడదామన్నది ప్రతిపాదన. అనంతపురం ఎంత ఎండిన జిల్లానో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు కాబట్టి ఆ ఉపోద్ఘాతం వదిలేద్దాం. మొక్కలు వద్దని ఏ విద్యార్థి సంఘమూ అనడం లేదు. మా దగ్గర వసూలు చేసే డబ్బుకు చెక్కు మీద సంతకం ఎవరిదని అడుగుతున్నాయి.

ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళుగా జవాబు దొరకకపోవడానికి కారణం 1980ల చివర్లో ఉంది. క్యాంపస్ కొట్లాటల పేరుతో అప్పుడు రాష్ట్రంలో యూనివర్సిటీ, కాలేజీ విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. 1981లో యూనివర్సిటీ అయిన శ్రీకృష్ణదేవరాయకు ఆ ఎన్నికల కాలం దక్కింది కొన్నేళ్ళే. 2006లో వచ్చిన కడప యోగి వేమన, 2008లో వచ్చిన కర్నూలు రాయలసీమ యూనివర్సిటీలు పుట్టేనాటికే ఆ ముచ్చట తీరిపోయింది. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరపాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5 వేల రూపాయలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి లాంటి కట్టుబాట్లన్నీ అందులో ఉన్నాయి. కొట్లాటలు జరుగుతాయన్న భయానికి అంతకంటే మందు ఏముంటుంది? అయినా మన దగ్గర ఎన్నికలు తిరిగి రాలేదు. సంఘాలు ఉన్నాయి, జెండాలు ఉన్నాయి, ధర్నాలు ఉన్నాయి. విద్యార్థులందరి తరఫున ఒక కాగితం మీద సంతకం పెట్టే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

ఇది గ్రీన్ ఫీజుకు ఎందుకు అడ్డమంటే, ఆ ఆలోచన పుట్టిందే ఓటులోంచి. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్ విద్యార్థులు 2007లో ఓటింగ్ పెట్టుకుని మరీ సెమిస్టర్‌కు 5 డాలర్లు తమ మీద తామే వేసుకున్నారు. ఆ డబ్బు ఏ ప్రాజెక్టుకు వెళ్ళాలో తేల్చే కమిటీలో మెజారిటీ విద్యార్థులదే. అక్కడ మరికొన్ని యూనివర్సిటీలదీ దాదాపు ఇదే పద్ధతి. మన దాకా వచ్చేసరికి ఫీజు ఓడ దిగింది, ఓటు రేవులోనే ఆగిపోయింది.

అధికారుల వాదన కూడా ఉంది. ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకు, పెన్షన్లకే చాలదంటారు. అది నిజమే. పైగా కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే జాతీయ సంస్థ న్యాక్ 2017లో మార్కుల పద్ధతి మార్చింది. అందులో మొత్తం 1000లో ఏడో అంశానికి 100 మార్కులు పెట్టింది. సోలార్, ఎల్‌ఈడీ దీపాలు, వాననీటి నిల్వ, చెత్త నిర్వహణ, ప్లాస్టిక్ నిషేధం, గ్రీన్ ఆడిట్ అన్నీ అందులోకే వస్తాయి. డబ్బులు ఎక్కడినుంచి తేవాలన్నది వాళ్ళ బాధ.

ఆ మార్కులకు రుజువుగా జియోట్యాగ్ ఫొటోలు, అంటే ఎక్కడ తీశారో నమోదైన ఫొటోలు, జత చేయాలి. తేడా అక్కడే వస్తుంది. మొక్క నాటుతుంటే ఫొటో బాగా పడుతుంది, నాటాక మూడు వేసవులు నీళ్ళు పోస్తుంటే ఎవరూ ఫొటో తియ్యరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ ఒక్కోసారి నాలుగు రోజుల్లో కురిసి పోయే చోట, ఖర్చంతా ఆ మూడు వేసవులదే. ఏ క్యాంపస్‌లోనైనా రోడ్డు పక్కన చూడండి. గుంత ఉంటుంది, చుట్టూ కట్టిన ఆకుపచ్చ మెష్ ఉంటుంది, ముఖ్య అతిథి పేరుతో రేకు బోర్డు ఉంటుంది. లోపల ఎండుపుల్ల. పక్కనే ఎవరూ నాటని కానుగ చెట్టు నిక్షేపంగా ఉంటుంది. మధ్యలో కొన్నేళ్ళు, తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ అనే మొక్కను తెచ్చి పెట్టారు. ఇప్పుడు అదే వద్దంటున్నారు. పెట్టేటప్పుడు బోటనీ విద్యార్థుల్ని అడిగి ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కథ దీనికి తోడైంది. 2007-08 నుంచి ప్రభుత్వం కడుతున్న ఫీజులు 2020లో విద్యా దీవెనగా తల్లుల ఖాతాల్లోకి మారాయి, 2024 తర్వాత మళ్ళీ కాలేజీలకే అన్నారు. ఖాతా ఎవరిదైనా డబ్బు ఆలస్యంగానే వస్తుంది. బకాయి ఉందని హాల్ టికెట్ ఆపడం, పరీక్షకు ముందు రోజు టెన్షన్ పడటం ఇక్కడ చదివినవాళ్ళకు కొత్త కాదు. ప్రభుత్వం లెక్కలోకి రాని కొత్త ఫీజు ఏదొచ్చినా విద్యార్థి జేబులోంచే పోవాలి. రెండొందలకు ఇంత గొడవా అనేవాళ్ళు, ఆ రెండొందలకు ఇంటికి ఫోన్ చేయాల్సిన పిల్లల్ని అడగాలి.

విద్యార్థులకు లెక్కలు అప్పగిస్తే తినేస్తారన్న మాట ఒకటి తరచూ వినిపిస్తుంది. అలా అనేవాళ్ళు హాస్టల్ మెస్సులు మరచిపోతున్నారు. మన యూనివర్సిటీ హాస్టళ్ళలో ఏళ్ళ తరబడి నడిచింది డివైడింగ్ సిస్టమే. నెల ఖర్చును తిన్న రోజులకు పంచుతారు. కందిపప్పు ఎన్ని కిలోలు దిగింది, నూనె ఎన్ని డబ్బాలు అయింది అన్నది స్టోర్ రిజిస్టర్‌లో రాయించి, తూకం దగ్గర నిలబడేది విద్యార్థి ప్రతినిధులే. రోజుకు ఎంత పడిందో నోటీసు బోర్డులో పెడతారు, రూపాయి తేడా వస్తే రాత్రి భోజనాల దగ్గరే నిలదీస్తారు. అందులో అవకతవకలు జరగలేదని ఎవరూ అనరు. కానీ దొరికినవన్నీ దొరికింది రిజిస్టర్ అందరికీ తెరిచి ఉండబట్టే. గ్రీన్ ఫీజు గురించి ఇన్నిసార్లు మాట్లాడినా ఆ రిజిస్టర్ ఊసు ఒక్కసారీ రాలేదు.

ఈసారి అధికారులు ఒక మెట్టు దిగారు. కమిటీలో ఇద్దరు విద్యార్థులను వేస్తామంటున్నారు. కానీ ఆ ఇద్దరినీ నామినేట్ చేసేది వాళ్ళే. సంఘాలు సగానికి పైగా సీట్లు అడుగుతున్నాయి, స్కాలర్‌షిప్ విద్యార్థులకు మినహాయింపు కావాలంటున్నాయి. మెస్ ప్రతినిధులను ఎంచుకున్నట్టే హాస్టల్ బ్లాకుల వారీగా చేతులెత్తి ఎన్నుకుంటామనీ, డే స్కాలర్లకు డిపార్ట్‌మెంట్ల వారీగా పెట్టమనీ వాళ్ళ మాట. అది దొడ్డిదారిన సంఘ ఎన్నికలేనని పాలనా భవనం అభ్యంతరం. ఫీజు చలానాలో గ్రీన్ ఫీజు గడి పెట్టాలా వద్దా అన్నది అక్కడే ఆగింది.