ఫ్లూరీ: నివాసి ఒక్కరూ లేకున్నా మేయర్ ఉన్న ఊరు – అపోహలు, వాస్తవాలు

ఈశాన్య ఫ్రాన్స్‌లో వెర్డన్ పట్టణానికి దగ్గరగా ఫ్లూరీ-దెవాఁ-దువోమోఁ అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ నాలుగు వందల పైచిలుకు జనం ఉండేవారు. ఇప్పుడు ఒక్కరూ లేరు.

అపోహ: ఊరి జనాన్ని చంపేశారు.

ఇది ఒరదూర్-స్యూర్-గ్లాన్ అనే మరో ఫ్రెంచి ఊరితో పొరబడటం. 1944 జూన్ 10న నాజీల ఊచకోత జరిగింది అక్కడ. ఫ్లూరీ వాసులను 1916 ఫిబ్రవరిలో, వెర్డన్ యుద్ధం మొదలవుతూనే ఖాళీ చేయించారు. జూన్ 23న ఊరు జర్మన్లకు చిక్కింది, ఆగస్టు 18న తిరిగి ఫ్రెంచివారికి దక్కింది. ఆలోగా ఇళ్లు పునాదులతో సహా మట్టిలో కలిశాయి.

అపోహ: జనం లేరు కాబట్టి ఊరు రద్దయింది.

రద్దు కాలేదు. 1919 చట్టం ఇలాంటి ఊళ్లకు ముగ్గురు సభ్యుల కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఓటర్లు లేరు కనుక సభ్యులను ప్రిఫెక్ట్ (మన కలెక్టర్ వంటి అధికారి) నియమిస్తారు. అధ్యక్షుడికి మేయర్ అధికారాలుంటాయి. నివాసులు లేని ఇలాంటి ఊళ్లు చుట్టుపక్కల మరో అయిదున్నాయి.

అపోహ: ప్రభుత్వం పట్టించుకోకే ఊరు మళ్లీ లేవలేదు.

నేలే అందుకు ఒప్పుకోలేదు. ఫిరంగి గుండ్ల దెబ్బకు పైమట్టి అడుగుకు పోయి, అడుగు సున్నపురాయి పైకొచ్చింది. పేలని గుండ్లు, శవాలు ఎక్కడికక్కడ పాతుకుపోయాయి. శుభ్రం చేసే ఖర్చు పొలం విలువను మించింది. అందుకే ప్రభుత్వం 'ఎర్ర మండలం'గా గుర్తించి, భూమిని కొని, అడవి వేసింది. మొదట నాటినవాటిలో నల్ల పైన్ చెట్లు ఎక్కువ. గోడలు చూద్దామని వెళ్లేవారికి గుంతలే కనిపిస్తాయి. రొట్టెల దుకాణం, బడి ఎక్కడుండేవో బాట వెంట ఉన్న పలకలు చెబుతాయి.

అపోహ: తుప్పు పట్టిన గుండు ప్రమాదం కాదు.

ఈ నమ్మకం ప్రాణం తీస్తుంది. ఫ్రెంచి గుండ్లలో వాడిన పిక్రిక్ ఆమ్లం అనే పేలుడు పదార్థం లోహంతో కలిసి, కొద్ది ఒరిపిడికే పేలే లవణాలుగా మారగలదు. విషవాయువు గుండు తుప్పుకు చిల్లుపడి కారుతుంది. కాలితో కూడా కదపవద్దు. చోటు గుర్తుపెట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచి 112కు ఫోన్ చేయాలి. చారిత్రక వస్తువుల కోసం అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం.

అపోహ: ఊరు పోతే కాగితాలూ పోయినట్టే.

జనన మరణాల రిజిస్టర్‌కు రెండు ప్రతులు రాసేవారు. ఒకటి ఊళ్లో ఉండేది, రెండోది కోర్టుకు వెళ్లేది. కాబట్టి ఆ ప్రతి కోసం మొదట వెతకాల్సింది బార్-ల-ద్యూక్‌లోని జిల్లా పత్రాగారంలో. 1793–1805 మధ్య నమోదుల్లో ఫ్రెంచి విప్లవ కాలంలో తెచ్చిన కొత్త క్యాలెండర్ తేదీలుంటాయి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆ సంవత్సరం సెప్టెంబర్‌లో మొదలవుతుంది. డిసెంబర్ చివరి వరకు వచ్చే తేదీలైతే సంవత్సరం అంకెకు 1791, జనవరి నుంచి 1792 కలపాలి. 8వ సంవత్సరం బ్రూమెయిర్ (ఆ క్యాలెండర్‌లో ఒక నెల) 18 అంటే 1799 నవంబర్ 9. 1800 అని రాసుకుంటే వంశవృక్షంలో ఏడాది తప్పుతుంది.