గిన్నె, పళ్లెం, మన జీపు

అనకాపల్లి,
శివరాత్రి మర్నాడు.

చిట్టితల్లికీ బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, ముందు నీకో అబద్ధం ఒప్పుకోవాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు వంజంగి కొండ మీద మబ్బులు చూసి, పాడేరు ఘాట్ రోడ్డులో దిగుతుంటే కాలిన వాసన వచ్చింది కదా. "ఏంటి తాతయ్యా ఇది?" అని నువ్వడిగితే "ఎవరో చెత్త తగలబెడుతున్నార్లే" అనేశాను. ఎవరూ తగలబెట్టలేదు. ఆ వాసన మన జీపుదే. వెనకాల మీ అమ్మ ఉంది, ఆవిడకి టెన్షన్ ఎందుకని అలా అన్నాను.

మొన్న జీపుకి కొత్త బ్రేకులు వేయిస్తున్నానని అమ్మమ్మ చెప్పగానే నువ్వు ఫోన్లో అడిగావు చూడు, "ఆగాం కదా తాతయ్యా, బాగానే పట్టాయి కదా, మరి మార్చడం ఎందుకు?" అని. మంచి ప్రశ్న. మా మెకానిక్ కూడా అదే అడిగాడు, కాకపోతే తల గోక్కుంటూ అడిగాడు.

ఆగడం ఒక్కటే కాదమ్మా బ్రేకు పని. ఆ పరుగుని ఎక్కడో ఒకచోట పారబోయాలి. పరుగు ఊరికే మాయమైపోదు, వేడిగా మారుతుంది. చలికాలం అరచేతులు రుద్దుకుంటే వెచ్చగా అవుతాయే, అదే. ఆ రోజు జీపూ మనమూ సామానూ కలిసి 1,600 కిలోలు అనుకో. పాడేరు నుంచి మాడుగుల దాకా సుమారు 800 మీటర్ల ఎత్తు దిగాం. నేను కాగితం మీద లెక్క వేశాను. ఆ దిగుడులో పుట్టే వేడంతా పోగేస్తే దాదాపు 40 లీటర్ల నీళ్లు మరుగుతాయి. భోగి నాడు మీకు తలంట్లు పోయడానికి అమ్మమ్మ కాచిందే పెద్ద కాగు, అలాంటివి రెండు! కొంత ఇంజను తీసుకుంటుంది, కొంత గాలి తీసుకుంటుంది. మిగతాదంతా చక్రాల దగ్గర, కాస్తంత చోట పుడుతుంది.

ఇప్పుడు వంటింట్లోకి రండి ఇద్దరూ.

అన్నం వండి గిన్నె మీద మూత పెడితే గంట తర్వాత కూడా పొగలు కక్కుతుంది. అదే అన్నం పళ్లెంలో పరిస్తే? బుజ్జిగాడు ఊదే లోపే చల్లారిపోతుంది. మన జీపుకి ఉన్న పాత బ్రేకు గిన్నె. ఇప్పుడు వేయించింది పళ్లెం. నిజానికి ఉత్తరం ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఈ పోలిక నాకు బాగా నచ్చింది, ఇంకొంచెం లాగుతాను.

పాత పద్ధతిలో చక్రంతో పాటు ఒక ఇనప గిన్నె తిరుగుతుంది, పక్కకి పడుకోబెట్టినట్టు. దాన్ని డ్రమ్ము అంటారు. లోపల నెలవంకల్లాంటివి రెండు ఉంటాయి, వాటి వీపు మీద గరుకు లైనర్ అతికించి ఉంటుంది. వాటిని షూలు అంటారు. (చెప్పులకీ వీటికీ ఒకే పేరేమిటని బుజ్జిగాడు అడుగుతాడు, నాకు తెలుసు. రెండూ రాసుకుని అరిగిపోయేవే కదరా.) బ్రేకు తొక్కితే ఆ రెండూ విచ్చుకుని గిన్నె లోపలి గోడని ఒరుసుకుంటాయి. పుట్టిన వేడి మూత పెట్టిన గిన్నెలో లాగే లోపల ఉండిపోతుంది. గిన్నె కాగిన కొద్దీ వ్యాకోచించి వెడల్పవుతుంది, అంటే గోడ షూకి దూరం జరుగుతుంది. మరింత లోతుకి తొక్కాలి. లైనర్ కూడా వేడెక్కిపోయి పట్టు వదిలేస్తుంది. మనకి వచ్చిన వాసన ఆ లైనర్‌ది.

కొత్త పద్ధతిలో చక్రంతో పాటు తిరిగేది పళ్లెం. డిస్క్ అంటారు. దాని అంచుని కాలిపర్ అనే పట్టకారు రెండు వైపుల నుంచి పట్టుకుంటుంది. అమ్మమ్మ పొయ్యి మీది గిన్నె దించే పట్టకారే అనుకోండి. పళ్లెం ఆరుబయట తిరుగుతుంది, దానికి నిత్యం గాలి తగులుతూనే ఉంటుంది. కాగితే లావెక్కి పట్టకారులోకే జరుగుతుంది, దూరం పోదు. నీళ్లు పడినా విదిలించుకుంటుంది.

మరి గిన్నె ఇన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చింది? తెలివైనది కాబట్టి. గిన్నె తిరిగేటప్పుడు తన లోపలి షూని తనే లాక్కుంటుంది, కాబట్టి కాలితో కొంచెం తొక్కినా గట్టిగా పడుతుంది. పళ్లేనికి ఆ గుణం లేదు, ఎంత నొక్కితే అంతే. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఆయన 1902లోనే డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. అయినా లోకం దాన్ని పట్టించుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. 1953లో ఫ్రాన్సులో లె మాన్స్ అనే ఊళ్లో 24 గంటల పందెం జరిగితే డిస్కులు వేసిన జాగ్వార్ కార్లు గెలిచాయి. అప్పుడు అందరూ తిరిగి చూశారు.

మన దేశంలో మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ జీపులకి నాలుగు చక్రాలకీ గిన్నెలే.

అలాంటి జీపే ఒకటి మా చిన్న మేనమామ నడిపేవాడు. యుద్ధకాలం నాటి బండి, ఒక కలప కాంట్రాక్టరుది. నాకు అప్పుడు పదకొండేళ్లు. వేసవి సెలవుల్లో వెనకాల కూర్చోబెట్టుకునేవాడు. నాకో ఉద్యోగం కూడా ఇచ్చాడు. త్రికోణంలా చెక్కిన మద్ది మొద్దు ఒకటి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, బండి ఆగగానే దూకి వెనక చక్రం కింద అది పెట్టడం. ఆ మొద్దు ఒళ్లో ఉంటే నాకు కలెక్టరు గారి హోదా!

గెడ్డ (వాగు) దాటాక మామయ్య వెంటనే వేగం పెంచేవాడు కాదు. కాలు పెడల్ మీద తేలిగ్గా ఆనించి మెల్లగా పోనిచ్చేవాడు. "గిన్నెలో నీళ్లు చేరాయిరా, ఆరబెట్టాలి" అనేవాడు. గిన్నె అన్న మాట ఆయనదే, నాది కాదు. తడిసిన షూ జారిపోతుంది. అలా కాసేపు రాసుకుంటే వేడికి ఆరుతుంది. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఒకరోజు మాడుగుల వైపు దిగుతుంటే ముందు చక్రం దగ్గర రబ్బరు గొట్టం పగిలింది. పెడల్ నేలకి తగిలేసింది. కాలి నొక్కుడుని గొట్టాల్లోంచి చక్రాల దాకా మోసేది బ్రేక్ ఆయిల్. ఆ కాలం బండ్లలో దానికి ఉన్నది ఒకే దారి. ఒకచోట కారితే నాలుగు చక్రాలూ చేతులెత్తేస్తాయి. మామయ్య గట్టిగా అరవలేదు, ఏమీ అనలేదు. చిన్న గేరులోకి తెచ్చి, కొండ వైపు మట్టిగట్టుకి బండిని ఒరిపించాడు. గరగరా రాసుకుంటూ పోయి ఆగింది. నేను దూకి మొద్దు పెట్టాను. చూసుకుంటే తప్పు చక్రానికి పెట్టాను. ఏ చక్రమైనా ఏమిటిలే అని ఆయన ఊళ్లోకి వచ్చాక మాడుగుల హల్వా కొనిపెట్టాడు. ఆ హల్వా తింటుంటే నా చేతులు వణికాయి, ఆయనవి కూడా.

సరే, మన జీపు. మహీంద్రా ఎంఎం 540, డీజిల్ బండి. నా చేతికి వచ్చేసరికి దానికి బూస్టర్ (బ్రేకు తొక్కే కాలికి సాయం చేసే డబ్బా) లేదు, నాలుగూ డ్రమ్ములే. అదీ చాలక, పోయినేడు ఒక షాపు వాడి మాట విని వెడల్పాటి పెద్ద టైర్లు వేయించాను. ఫొటోల్లో బాగుంది. పెద్ద చక్రాన్ని ఆపాలంటే అదే బ్రేకు ఎక్కువ కష్టపడాలి. తిరగలి పిడిని పట్టుకుంటే సులువుగా ఆగుతుంది, మధ్య మేకు దగ్గర పట్టుకుంటే ఆగదు. చక్రం పెరిగి బ్రేకు పెరగకపోతే మనం మేకు వైపు జరిగినట్టే. ముసలాడికి సోకులు ముందొచ్చాయి, బుద్ధి వెనకొచ్చింది.

మెకానిక్ ముందు చక్రాలకి మాత్రమే డిస్కులు వేశాడు, పాత బొలెరోవి. వెనక గిన్నెలు అలాగే ఉన్నాయి. ఎందుకంటే బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందుకి వాలుతుంది. బస్సు ఆగితే మీరు ముందుకి తూలరూ? ముందు చక్రాలకే పని ఎక్కువ. వెనకవి అతిగా పట్టేస్తే బండి తోక తిప్పుతుంది, అది మరీ ప్రమాదం.

మొదటిసారి బిగించి చోడవరం దాకా వెళ్లొచ్చాను. బ్రేకు పెద్దగా తొక్కకుండానే ముందు చక్రాలు సెగలు కక్కుతున్నాయి! సంగతేమిటంటే, పెడల్ తొక్కితే ఆయిల్‌ని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచేశాం. కాలు తీసేశాక కూడా గొట్టాల్లో కాస్త ఒత్తిడి నిలబెట్టే చిన్న వాల్వు అందులో ఉంటుంది. గిన్నె బ్రేకుకి అది కావాలి. పళ్లేనికి పెడితే పట్టకారు ఎప్పుడూ సగం పట్టుకునే ఉంటుంది. అమ్మమ్మ చెయ్యి వదలకుండా నిన్ను గుళ్లోకి లాక్కుపోయినట్టు. దాన్ని తీసేసి, ముందుకీ వెనక్కీ వేరే దారులున్న రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేశాం. ఇప్పుడు ఒక గొట్టం పగిలినా రెండోది మిగులుతుంది. అది బిగిస్తుంటే మామయ్య చాలాసేపు గుర్తొచ్చాడు.

ఇక బూస్టర్. పళ్లేన్ని గట్టిగా నొక్కాలన్నాను కదా, నా డెబ్బయ్యేళ్ల కాలికి అంత బలం లేదు. ఇంజను గాలిని పీల్చే బలాన్ని వాడుకుని కాలికి సాయం చేసే పెద్ద డబ్బా అది. పెట్రోలు ఇంజను స్ట్రా సగం నొక్కి పీల్చినట్టు పీలుస్తుంది, దాన్నుంచి ఆ సాయం దొరుకుతుంది. డీజిల్ ఇంజను నోరు బార్లా తెరుచుకుని పీలుస్తుంది, దొరకదు. అందుకని బండికి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనక, గాలి పీల్చే చిన్న పంపు పెట్టాలి. ఇంజను కట్టేస్తే ఆ పంపూ ఆగుతుంది. డబ్బాలో మిగిలింది రెండు మూడు తొక్కుళ్లకే సరి. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో ఇంజను కట్టేసి దిగే డ్రైవర్లని చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మామయ్య మాట. సంక్రాంతి నాడు కబుర్లలో పడి నేనే అది మరిచాను. తప్పు గిన్నెది సగం, నాది సగం.

బ్రేక్ ఆయిల్ గురించి ఒక్క ముక్క. అది ఉప్పులా గాల్లో చెమ్మ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే బుడగలు వస్తాయి. నూనె నొక్కితే నొక్కుడు పడదు, బుడగ పడుతుంది. పెడల్ దూదిలా దిగిపోతుంది. అందుకే ఆయిల్ అంతా మార్చి, చక్రం చక్రానికీ గొట్టాల్లో చేరిన గాలి తీయించాను. పాత డ్రమ్ము విప్పినప్పుడు లోపలి ధూళిని నోటితో ఊదొద్దని కుర్రాడికి చెప్పి తడిగుడ్డతో తుడిపించాను, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి చేటు. కంపెనీ ఇచ్చినదాన్ని మారిస్తే ఆర్టీవో ఆఫీసులో అడగాలి కాబట్టి ఆ కాగితాల పని కూడా మొదలుపెట్టాను. దాని గురించి రాస్తే మీకు నిద్రొస్తుంది.

ఇదంతా చదివి నమ్మేయకండి. ఆదివారం పొద్దున్న సైకిల్ తలకిందులుగా పెట్టి, పెడల్‌తో వెనక చక్రం గట్టిగా తిప్పి, బ్రేకు మెల్లగా పట్టండి. పదిసార్లు చేశాక చక్రం పూర్తిగా ఆగనిచ్చి, బ్రేకు రబ్బరుని వేలితో తాకి చూడండి. తర్వాత కిందికి దిగి అపార్టుమెంటు పార్కింగులో బైకులు చూడండి. ముందు పళ్లెం, వెనక గిన్నె ఉన్నవి ఎన్నో బుజ్జిగాడు లెక్కపెట్టాలి. పళ్లేనికి బెజ్జాలు ఎందుకున్నాయో చిట్టి ఆలోచించాలి. అప్పుడే నడిపి తెచ్చిన బైకు డిస్కుని మాత్రం ముట్టుకోకండి, చర్మం ఊడొస్తుంది.

నాకు అర్థం కానిది ఒకటే మిగిలింది. రెండు కాగుల నీళ్లు మరిగించేంత వేడి ఆ రోజు మన చక్రాల కింద నుంచి పోయింది. మనం మాత్రం స్వెట్టర్లు వేసుకుని, మంచులో లైట్లు వేసుకుని వచ్చాం. రోడ్డు పక్కన ఒక్క గడ్డిపోచ మీది మంచుబొట్టయినా ఆరిందా? వేసవి సెలవులకి రండి. ఘాట్ రోడ్డులో గరికబంద దగ్గర ఆపుదాం. చక్రం పక్కన, తాకకుండా, జానెడు దూరంలో అరచేయి పెట్టి చూద్దాం. మొద్దు అటక మీదే ఉంది, బుజ్జిగాడి ఒళ్లో పెట్టడానికి దించి తుడిచి ఉంచుతాను.

మీ
తాతయ్య