ఆర్క్ పేరు పక్కన ఒక గడి

పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు ప్రాణుల వివరాల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్. దాని కొత్త కూర్పు 2025 ఫిబ్రవరిలో వచ్చింది. కల్పిత కథల్లో శత్రుసేనగా కనిపించే మానవాకార జీవి ఆర్క్‌కు అందులో పేజీ లేదు. అలాగని ఆర్కులు ఆటలోంచి పోలేదు. ఆటగాళ్ల కోసం రాసిన 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మనుషులు, ఎల్ఫులు (కథల్లోని ఒక కల్పిత జాతి) సరసన ఆటగాడు ఎంచుకునే జాతిగా చేరారు. శత్రువుగా ఆర్క్ కావాలంటే బందిపోటుకో సైనికుడికో ఇచ్చిన లెక్కలే వాడుకోవాలి. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది: ఒక జాతి జాతంతా పుట్టుకతోనే చెడ్డదై ఉంటుందా?

తెలుగులో ఈ గొడవకు దూరంగా ఉండటం ఇంకా కష్టం. క్రియ చివరే మనల్ని పట్టిచ్చేస్తుంది. ఆర్కులు ‘వచ్చాయి’ అంటే ఒక పక్షం, ‘వచ్చారు’ అంటే రెండో పక్షం. రాక్షస కులంలో ప్రహ్లాదుణ్ణి చూసిన భాష కాబట్టి ఇక్కడ ‘వచ్చారు’ అనే రాస్తున్నాం.

రెండు పక్షాలూ సాక్ష్యం కోసం ముందు ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నవల రాసిన టోల్కీన్ దగ్గరికే వెళ్తాయి. టోల్కీన్ దగ్గర మాత్రం తీర్పు దొరకదు, కొట్టివేతలు దొరుకుతాయి. తొలి రాతల్లో చీకటి ప్రభువు ఆర్కులను భూగర్భపు వేడిలోంచి, బురదలోంచి తయారుచేస్తాడు. బురదకు ఆత్మ లేదు గనక నరికినవాడు ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. కానీ టోల్కీన్ కేథలిక్. చెడుకు సృష్టించే శక్తి ఉండదని, ఉన్నదాన్ని పాడుచేయడమే దానికి చేతనవునని ఆయన నమ్మకం. 1954లో ఆ పెద్ద నవల అచ్చయ్యే నాటికి బురద కథ చెల్లకుండా పోయింది. ఎవరినో ఒకరిని పాడుచేసే ఆర్కులను చేసి ఉండాలి. ఎల్ఫులనా? అయితే చావులేని ఆత్మలున్న ఒక జాతి తరతరాలుగా చెడిపోయి పుడుతుంటే దేవుడు ఎలా ఊరుకున్నాడు? మనుషులనా? కథాక్రమంలో మనుషులు మేల్కొనకముందే ఆర్కులున్నారే! మాటలు నేర్పిన జంతువులా? మరి యజమాని మీద సణిగే బుద్ధి వాళ్లకు ఎక్కడిది? 1950ల చివర్లో ఈ దారులన్నీ తొక్కి చూసి, ఏదీ ఖాయం చేయకుండానే ఆయన 1973లో పోయారు.

సణుగుడు గురించి ఊరికే అనలేదు. ఆ నవల రెండో సంపుటం ‘ద టూ టవర్స్’ చివరి అధ్యాయంలో షాగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఆర్క్ నాయకులు సొరంగంలో నడుస్తూ మాట్లాడుకుంటారు. యుద్ధం అయ్యాక నమ్మకమైన నలుగురిని వెంటబెట్టుకుని, పెద్ద దొరలెవరూ లేని చోటికి జారుకుందామంటాడు ఒకడు. తోటివాణ్ణి దారిలో పడేసి పోవడం ఎల్ఫుల బుద్ధి అని ఆ తర్వాత ఈసడించుకుంటారు. కాసేపటికి, సాలీడు గూట్లో ప్రాణాలతో వేలాడుతున్న సొంత మనిషి ఉఫ్తాక్‌ను ఎలా వదిలేసి వచ్చారో చెప్పుకుని నవ్వుకుంటారు. ఏది తప్పో తెలుసు, అయినా చేస్తారు. తప్పు తెలిసినవాణ్ణి జంతువు అనడం కుదరదు, పుట్టుకతోనే చెడ్డవాడని కొట్టేయడమూ కుదరదు.

గొడవ ముడి మాత్రం నవలలో లేదు, 1977లో ఉంది. ఆ ఏడాది రెండు పుస్తకాలు వచ్చాయి. తండ్రి కాగితాల నుంచి క్రిస్టఫర్ టోల్కీన్ కూర్చిన ‘సిల్మరిలియన్’ ఒకటి. చీకటి ప్రభువు చెరపట్టి పాడుచేసిన ఎల్ఫులే ఆర్కులని అందులో ఉంది. అదీ కథలోని జ్ఞానుల అభిప్రాయంగానే చెప్పారు. 1950ల చివరి తక్కిన చిత్తుప్రతులు 1993లో గానీ అచ్చు కాలేదు. రెండోది ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ రాసిన మాన్‌స్టర్ మాన్యువల్. నవలలో సందేహాన్ని సందేహంగానే ఉంచొచ్చు. పట్టికలో గడి ఖాళీగా ఉంచడం కుదరదు.

అంతకు మూడేళ్ల ముందు, 1974 నాటి ఆట తొలి నియమాల పుస్తకంలో ప్రాణులన్నిటినీ క్రమం, తటస్థం, అరాచకం అని మూడు వరుసలుగా విడదీశారు. ఆర్క్ పేరు అందులో రెండు చోట్ల ఉంది, తటస్థంలోనూ అరాచకంలోనూ. అంటే ఏ పక్షమో గుంపును బట్టి. 1977లో రెండు పేర్లు ఒకటయ్యాయి. ఆర్క్: ఒక్కో గుంపులో 30 నుంచి 300, కవచం 6, హిట్ డైస్ (ప్రాణబలం తేల్చే పాచికలు) 1, అలైన్‌మెంట్ (మంచి చెడుల్లో పక్షం) లాఫుల్ ఈవిల్, అంటే క్రమశిక్షణ గల చెడు. ఎంత వేగంగా నడుస్తాడన్న సంఖ్యకూ, మంచివాడా చెడ్డవాడా అన్న మాటకూ ఒకే వరుస, ఒకే సైజు అక్షరాలు. మలుపు ఇదే. గుణం కూడా కొలత అయిపోయింది.

ఆ కొలత ఆటలో ఎలా పనిచేసిందో చూస్తే గొడవ ఎందుకు తప్పలేదో తెలుస్తుంది. ఆట నడిపేవాళ్ల కోసం వచ్చిన 1979 డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారం ఆర్క్‌ను చంపితే 10 అనుభవ పాయింట్లు, వాడి ప్రాణబలపు హిట్ పాయింటు ఒక్కోదానికీ ఇంకో పాయింటు. ఎనిమిది ముఖాల పాచిక సగటు 4.5 కాబట్టి తలకు 14.5. ఫైటర్, అంటే యోధుడి పాత్ర, రెండో స్థాయికి రావాలంటే 2,001 పాయింట్లు కావాలి. నిధి కలపకుండా, ఎవరితోనూ పంచుకోకుండా లెక్కేస్తే 138 తలలు. (దొరికిన బంగారు నాణేనికి ఒక్కో పాయింటు వచ్చేది గనక అంత నరకాల్సిన పని పడేది కాదనుకోండి.)

అదే వరుసలో ఇంకో గడి ఉంది: నివాసంలో తారసపడే అవకాశం 35 శాతం. నివాసమంటే అక్కడ ఆడవాళ్లు, పిల్లలు ఉంటారు. మగవాళ్ల సంఖ్యలో ఎంత శాతమో కింద వివరణలో ఉంటుంది. ఇక్కడే ఆట తెగిపోయేది. గుహలో చివరి యోధుడు పడిపోయాక మూలన పిల్లలు కనిపిస్తారు. ఆటగాళ్ల గుంపులో పాలడిన్, అంటే ధర్మానికి కట్టుబడిన యోధుడు, ఉన్నాడు. తెలిసి పాపం చేస్తే వాడి శక్తులు పోతాయి, మళ్లీ రావు. పిల్లలను చంపితే పాపం. వదిలేస్తే గడి ప్రకారం వాళ్లూ రేపటి చెడే. ఆట నడిపే డంజన్ మాస్టర్ పాచిక పక్కన పెట్టి ధర్మశాస్త్రం విప్పాలి. ‘ఆర్క్ పిల్లల చిక్కు’ అని దీనికి పేరే పడింది.

పాత పద్ధతిని సమర్థించేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఆటకు శత్రువు కావాలి, వాడు శత్రువని క్షణంలో తెలియాలి, చదరంగంలో నల్లబంటు తల్లిదండ్రులెవరని ఎవరూ అడగరు. నిజమే. కాకపోతే నల్లబంటుకు ఎవరూ పిల్లల శాతం రాయలేదు.

తర్వాత వచ్చినవన్నీ ఆ గడిని సడలించే ప్రయత్నాలే. 2003 నాటి ఆట 3.5 కూర్పులో ఆర్క్ ‘తరచుగా’ చెడు. ఆ మాటకూ కొలత ఇచ్చారు: ‘ఎప్పుడూ’ అంటే పుట్టుకతోనే, ‘సాధారణంగా’ అంటే సగానికి పైగా, ‘తరచుగా’ అంటే 40 నుంచి 50 శాతం. పైగా క్రమశిక్షణ గల చెడు కాస్తా ఈ లోగా అరాచకపు చెడు అయిపోయింది. స్వభావసిద్ధం అన్నది కూర్పు మారితే మారిపోయింది! 2002 నాటి కంప్యూటర్ ఆట వార్‌క్రాఫ్ట్ మూడో భాగంలో ఆర్కుల తప్పంతా రాక్షస రక్తం తాగడం మీదికి పోయింది. బొమ్మల సైన్యాలతో ఆడే వార్‌హ్యామర్ 40,000 ఇంకా తెలివిగా తప్పించుకుంది. అక్కడి ఆర్కులు శిలీంధ్ర బీజాల నుంచి మొలుస్తారు. పిల్లలే లేకపోతే పిల్లల చిక్కూ లేదు. 

రూపం సంగతి వేరు, అక్కడ టోల్కీన్‌ను వెనకేసుకు రావడం కష్టం. ఆర్కులు ఎలా ఉంటారో 1958 నాటి ఒక ఉత్తరంలో ఆయన వివరించారు: చప్పిడి ముక్కు, పాలిపోయిన పసుపు చర్మం, వాలు కళ్లు. యూరోపియన్ల కంటికి ఇంపుగా ఉండని మంగోల్ రూపాలకు దిగజారిన నమూనా అని ఆయనే అన్నారు. ఆ రూపానికి 1977 గడి తోడైతే చదివేవాళ్లలో కొందరికి అది ఎవరి ముఖమో పోల్చుకోవడం కష్టం కాలేదు. ఆర్కుల, డ్రౌల (ఆటలోని చీకటి ఎల్ఫులు) చిత్రణ నిజ జాతులను బాధాకరంగా గుర్తుచేసిందని ప్రచురణ సంస్థ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2020 జూన్‌లో ఒప్పుకుంది. 2016 పుస్తకంలో ఆటగాడి ఆర్క్‌కు తెలివిలో 2 కోత ఉండేది, అదీ 2020లోనే పోయింది. 2022 డిసెంబర్‌లో ‘రేస్’ (జాతి) బదులు ‘స్పీషీస్’ (జీవజాతి) అంటామని ప్రకటించారు.

పేజీ తీసేయడంతో చిక్కు తీరిందా అంటే, 2025 పుస్తకంలో ఇంకో గడి చూడాలి. అది ప్రాణి ఏ రకమో చెప్పే గడి. ఆర్క్ లాగే శత్రువులుగా వచ్చే గోబ్లిన్లు, కోబోల్డులు, హైనా తల గ్నోల్స్ ఇంతకుముందు మానవరూపుల రకం. గోబ్లిన్లు ఇప్పుడు ఫే, అంటే మాయాలోక జీవులు, కోబోల్డులు డ్రాగన్, గ్నోల్స్ ఫీండ్, అంటే పాతాళపు పిశాచ జాతి. ఆర్క్‌ను మనిషి వైపు జరిపారు, గ్నోల్‌ను అవతలి వైపుకు తోశారు. ఈ ఆటలో గ్నోల్ పుట్టుక కథ కూడా దానికి సరిగ్గా సరిపోతుంది: రాక్షస ప్రభువు వేటాడి వదిలిన శవాలు తిన్న హైనాలే గ్నోల్స్ అయ్యాయట. టోల్కీన్ కొట్టేసిన బురద కథకు ఇది ఎంతో దూరం లేదు. 1977లో గ్నోల్ నివాసానికీ ఆడవాళ్ల, పిల్లల శాతాలు ఉండేవి. ఇప్పటి పేజీలో ఆ లెక్క లేదు.