సూది తెగితేనే బిగువు

మెష్ డోర్ మూల వదులైతే చాలామంది మొదట చేసే పని స్క్రూ బిగించడం. కొన్నాళ్లకి అది మళ్లీ ఊగడం మొదలవుతుంది. ఇందులో స్క్రూ తప్పేమీ లేదు. దోమల తలుపులకి వాడే అల్యూమినియం సెక్షన్ (చట్రానికి వాడే బోలు పట్టీ) గోడ మందం మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. కూలర్ రేకు ఇంకా పల్చన. స్క్రూ మరలో ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య దూరమే ఇంచుమించు అంత ఉంటుంది కాబట్టి, రేకుని నిజంగా పట్టుకునేది ఒకే ఒక్క చుట్టు. తలుపు వేసి తీసిన ప్రతిసారీ ఆ చుట్టు మెత్తటి అల్యూమినియాన్ని కొంచెం కొంచెంగా కోస్తూ పోతుంది. పోనీ నట్టూ బోల్టూ వేద్దామంటే సెక్షన్ లోపల బోలు, నట్టు పట్టుకోవడానికి అటువైపు వేలు దూరదు. వెల్డింగ్ అంటారా, అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది, దాని మీదున్న ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. వీధి చివర గేట్లు చేసే షాపులో మామూలు రాడ్డుతో అయ్యే పని కాదు.

తలుపు చేసినాయన ఆ మూలలో వాడింది పాప్ రివెట్. మధ్యలో చిన్న గుంటతో గుండ్రటి తల కనిపిస్తుందే, అదే. దాన్ని బిగించే రివెట్ గన్ హార్డ్‌వేర్ షాపులో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కరెంటు అక్కర్లేదు, నిప్పు అక్కర్లేదు, అవతలి వైపు చెయ్యి పెట్టక్కర్లేదు. ఇంట్లో డ్రిల్ ఉన్నవాళ్లు దాని పక్కన పెట్టుకోదగ్గ మొదటి పనిముట్టు ఇదేనని నా అభిప్రాయం.

రివెట్ అనగానే మనకి పాత వంతెనలు గుర్తొస్తాయి. 1889 నాటి ఐఫిల్ టవర్లో సుమారు 25 లక్షల రివెట్లున్నాయి. 1943లో తెరిచిన హౌరా వంతెనని నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతోనే కూర్చారు. రాజమండ్రి దగ్గర 1900లో గోదావరి మీద రైళ్లు నడవడం మొదలైన హేవలాక్ వంతెన గర్డర్లూ అదే కాలపు పనితనం. ఆ రివెట్ గట్టి ఉక్కు కడ్డీ ముక్క. కొలిమిలో ఎర్రగా కాల్చి కన్నంలో దూర్చేవాళ్లు. ఒకడు వెనక నుంచి బరువైన ఇనుప దిమ్మె ఆనిస్తే, ఇంకొకడు ముందు నుంచి సుత్తితో కొట్టి రెండో తల తయారుచేసేవాడు. తరవాత అసలు పని చేసేది చల్లారడం. అంత వేడి నుంచి దిగేసరికి ఉక్కు పొడవులో నూటికి ఒక వంతు దాకా కుంచించుకుపోవాలని చూస్తుంది. రెండు తలల మధ్య ప్లేట్లు అడ్డం ఉండేసరికి కుంచించుకోలేక వాటిని గట్టిగా నొక్కిపెడుతుంది. వందేళ్లు దాటినా వంతెనలు నిలబడటానికి ఆ నొక్కుడు ఒక కారణం.

దీనికి రెండు చిక్కులు. అటొకడు ఇటొకడు ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దరికీ చోటు కావాలి. విమానాల తయారీలో సన్నటి గొట్టాలూ మూసుకున్న భాగాలూ వచ్చేసరికి ఆ రెండో మనిషికి చోటు లేకుండా పోయింది. హామిల్టన్ నీల్ వైలీ అనే ఇంజినీరు గొట్టం లాంటి రివెట్లని బిగించే మెరుగైన పద్ధతికి 1916లో బ్రిటన్‌లో పేటెంటుకి దరఖాస్తు చేశాడు. 1922లో ఆయన ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ విమాన సంస్థలో చేరాడు. 1927 నాటి ఆయన ఇంకో పేటెంటులో, ఒకవైపు నుంచే సూదిని లాగి రివెట్ బిగించే ఏర్పాటు ఉంది. బర్మింగ్‌హామ్‌లోని జార్జ్ టక్కర్ ఐలెట్ కంపెనీ దాన్ని ఆధారం చేసుకుని రివెట్లు తయారుచేసింది, సిస్కిన్ అనే యుద్ధవిమానంలో వాడారు. మొదట్లో సూది వేరు, గొట్టం వేరు, పనివాడే రెండూ కలిపి వాడుకోవాలి. తరవాత రెండూ ఒక్కటిగా వచ్చాయి. పాప్ అన్నది ఆ సరుకు ట్రేడ్‌మార్కు పేరు, మన షాపుల్లో ఇప్పుడు ఏ కంపెనీదైనా పాప్ రివెట్టే.

ఒక రివెట్ చేతిలోకి తీసుకుని చూడండి. పైన టోపీ అంచున్న చిన్న అల్యూమినియం గొట్టం, దాని మధ్యలోంచి దూరిన ఉక్కు సూది. సూదికి ఒక చివర తల ఉంటుంది, అది గొట్టం కన్నం కంటే పెద్దది. తలకి కాస్త దగ్గర్లో సూది మీద ఒకచోట నొక్కినట్టు సన్నటి మెడ ఉంటుంది. గొట్టం లోపల ఉండటం వల్ల కొత్త రివెట్‌లో అది కనపడదు. మొత్తం కథ ఆ మెడలోనే ఉంది.

గొట్టాన్ని రేకుల కన్నంలో దూర్చి, బయటికి పొడుచుకొచ్చిన సూదిని గన్ మూతిలో పెట్టి నొక్కితే, లోపలి దవడలు సూదిని పట్టుకుని వెనక్కి లాగుతాయి. సూది తల అవతలి వైపు నుంచి గొట్టంలోకి దిగుతుంది. గొట్టం గోడలు పక్కలకి ఉబ్బుతాయి, ఆ ఉబ్బు వెనక్కి వచ్చి రేకుకి ఆనుతుంది. ఆనేదాకా లాగడం తేలిక. ఆనిన తరవాత ఇక ఉబ్బడానికి చోటు లేదు కాబట్టి సూది మీద లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. మెడ తట్టుకోగలిగిన హద్దు దాటగానే ఠప్పుమని తెగుతుంది. సూది తల గొట్టంలోనే చిక్కుకుని ఉండిపోతుంది, తోక మన చేతికి వస్తుంది.

అంటే ఎంత బిగించాలో తేల్చేది మన చెయ్యి కాదు, ఆ మెడ. ఫ్యాక్టరీలో దాన్ని ఎంత సన్నగా నొక్కారో అంతే బిగువు వస్తుంది, ముప్ఫయ్యేళ్ల అనుభవమున్న ఫిట్టర్ నొక్కినా, మొదటిసారి గన్ పట్టిన కాలేజీ కుర్రాడు నొక్కినా. స్క్రూ విషయంలో ఈ సదుపాయం లేదు. కొంచెం తక్కువ తిప్పితే వదులు, కొంచెం ఎక్కువ తిప్పితే మర చెడుతుంది. వంతెన రివెట్ కూడా సుత్తి పట్టినవాడి నేర్పు మీద ఆధారపడేది. ఇక్కడ ఆ నేర్పుని లోహంలోకే ఎక్కించారు.

లోహం దీనికి ఎందుకు ఒప్పుకుంటుందంటే, దానికి రెండు రకాల లొంగుబాటు ఉంది. కొద్దిగా వంచి వదిలితే వెనక్కి వస్తుంది. ఒక హద్దు దాటి వంచితే వంగినట్టే ఉండిపోతుంది. రివెట్ గొట్టం ఈ రెండో దశలోకి వెళ్లి ఉబ్బుతుంది, అందుకే వదిలేశాక మళ్లీ సన్నబడదు. పైగా అలా రూపం మారే క్రమంలో లోహం లోపలి స్ఫటికాల పొరలు జరిగి ఒకదానికొకటి అడ్డుపడతాయి, అల్యూమినియం ముందుకంటే గట్టిపడుతుంది. రివెట్లకి శుద్ధ అల్యూమినియం కాకుండా మెగ్నీషియం కాస్త కలిపిన మిశ్రమం వాడతారు. ఉబ్బేటంత మెత్తదనం, ఉబ్బాక నిలిచే గట్టిదనం రెండూ దానికున్నాయి.

ఇళ్లల్లో ఎక్కువగా వాడే 3.2 మిల్లీమీటర్ల రివెట్ సూది తెగాలంటే వంద కిలోల బరువు వేలాడదీసినదానికంటే ఎక్కువ లాగుడు కావాలి. పెద్దవాళ్ల పిడికిలి బలం మామూలుగా 25 నుంచి 50 కిలోల మధ్య ఉంటుంది. ఆ తేడాని పూడ్చేది హ్యాండిల్ పొడవు. అడకత్తెరలో వక్క ఇరుసుకి దగ్గరగా, వేళ్లు దూరంగా ఉన్నట్టే, ఇక్కడ దవడలు ఇరుసుకి దగ్గరగా, మన పట్టు దూరంగా ఉంటుంది. దూరం పది రెట్లయితే బలమూ దాదాపు పది రెట్లు. బదులుగా, హ్యాండిల్ చివర పది సెంటీమీటర్లు కదిలితే సూది కదిలేది సెంటీమీటరే. అందుకే పొడుగు రివెట్లకి రెండు మూడుసార్లు నొక్కాల్సి వస్తుంది. హ్యాండిల్ తెరిచి, మూతిని మళ్లీ టోపీకి ఆనించి నొక్కాలి. కొత్తవాళ్లు ఈ ఆనించడం మరిచిపోతారు, సగం బిగిసిన రివెట్ టోపీ కింద సందు మిగిలిపోతుంది. 4.8 మిల్లీమీటర్ల స్టీలు రివెట్‌కి మాత్రం ఒక చెయ్యి చాలదు, రెండు చేతుల పెద్ద గన్ తెచ్చుకోవాల్సిందే.

సూదిని జారకుండా పట్టుకోవడం ఇంకో తమాషా. దవడలకి లోపల పళ్లు, బయట ఏటవాలు. అవి శంఖు ఆకారపు గూడులో కూర్చుంటాయి. ఎంత గట్టిగా లాగితే గూడు వాటిని అంత గట్టిగా దగ్గరికి నొక్కుతుంది. అంటే లాగుడే పట్టుని పెంచుతుంది. గన్ జారుతోందంటే సాధారణంగా పళ్ల మధ్య లోహపు పొడి చేరిందని అర్థం. మూతి విప్పి, బ్రష్‌తో దులిపి, రెండు చుక్కల నూనె వేస్తే చాలు, కొత్త గన్ కొననక్కర్లేదు.

బిగువు బాధ్యత మెడ తీసుకుంది కాబట్టి మన వంతుకి మిగిలినవి కన్నం, పొడవు, లోహం. రివెట్ పని చెడిందంటే తప్పు చాలావరకు వీటిలోనే ఉంటుంది.

కన్నం రివెట్ కంటే మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే పెద్దగా ఉండాలి. 3.2కి 3.3, నాలుగుకి 4.1. షాపులో 3.3 బిట్ లేదని 3.5 చేతిలో పెడతారు, తీసుకోకండి. గొట్టం ఉబ్బేది కొంతే. కన్నం పెద్దదైతే ఆ ఉబ్బు అంచుని సరిగ్గా పట్టుకోలేదు, మెడ మాత్రం తన లెక్క ప్రకారం తెగుతుంది. చప్పుడు వచ్చింది కదా, బిగిసిందని మనం అనుకుంటాం, పట్టు ఉండదు. రెండు రేకుల్నీ కలిపి పట్టి ఒకేసారి డ్రిల్ చేయాలి. ఆ తరవాత విడదీసి కన్నం అంచున మిగిలిన గరుకుని పెద్ద బిట్‌తో చేత్తోనే తిప్పి తీసేయాలి, లేకపోతే ఆ రజను రేకుల మధ్య సందు పెడుతుంది.

పొడవుకి ఒక మోటు లెక్క ఉంది. కలపాల్సిన రేకుల మొత్తం మందానికి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపండి. రెండు మిల్లీమీటర్ల మందానికి 3.2 రివెట్ అయితే ఏడు మిల్లీమీటర్ల దగ్గర. పొట్టిదైతే ఉబ్బడానికి అవతల గొట్టం మిగలదు. మరీ పొడుగైతే ఉబ్బు రేకుకి ఆనకముందే సూది తెగిపోవచ్చు. రివెట్‌ని రేకు అంచుకి వ్యాసానికి రెండు రెట్ల కంటే దగ్గరగా పెట్టకూడదు, అక్కడ రేకు చిరుగుతుంది.

ప్లాస్టిక్ బకెట్ పిడి, స్కూలు బ్యాగు పట్టీ, ప్లైవుడ్ లాంటి మెత్తటివాటికి ఉబ్బు లోపలికి దిగిపోతుంది. వీలైతే మెత్తటిది మన వైపు, గట్టిది వెనక వైపు వచ్చేలా పెట్టుకోవాలి. రెండూ మెత్తవైతే వెనక ఒక వాషర్ తొడిగి బిగించాలి. ఆ ఒత్తిడి వాషర్ వెడల్పంతా పరుచుకుంటుంది.

లోహం సంగతి తీరప్రాంతం వాళ్లకి మరీ ముఖ్యం. విశాఖలోనో కాకినాడలోనో డాబా మీద స్టెయిన్‌లెస్ స్టీలు రేకుని అల్యూమినియం రివెట్లతో బిగిస్తే, ఉప్పుగాలి తేమ ఆ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీని తయారుచేస్తుంది. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియం. పెద్ద స్టీలు రేకు పుట్టించే ప్రవాహమంతా చిన్న రివెట్ మీదే పడటం వల్ల అది త్వరగా తినేయబడుతుంది. తిరగేసి, పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టెయిన్‌లెస్ రివెట్ వేస్తే నష్టం పెద్ద వైశాల్యం మీద పరుచుకుని నెమ్మదిస్తుంది. అన్నిటికంటే మేలు రెండూ ఒకే లోహం కావడం. మామూలు అల్యూమినియం రివెట్‌లోపల మిగిలే సూది ముక్క ఉక్కుది కాబట్టి, వానలో తడిసే చోట ఆ గుంటలోంచి తుప్పు చారలు దిగుతాయి. ఆ గుంట గుండా నీళ్లు కూడా కారతాయి. చూరు నీటి గొట్టాలకి, రేకుల కప్పుకి చివర మూసి ఉన్న రకం రివెట్ అడగండి. దొరక్కపోతే టోపీ మీద సిలికాన్ రాయండి.

ఇదే కారణంతో మూకుడు పిడి ఊడితే పాప్ రివెట్ వేయొద్దంటాను. పాత్రలకి వేసేది గట్టి రివెట్, బోలుది కాదు. పాప్ రివెట్ సందుల్లో నూనె చేరి మడ్డి కడుతుంది, సూది ముక్క తుప్పు కూరలోకి వస్తుంది. ఆ పని పాత్రల మరమ్మతు చేసేవాళ్లకే వదిలేయాలి. అల్యూమినియం నిచ్చెన మెట్టు కూడా ఈ గన్‌తో ముట్టుకోకూడనిదే. సాధారణ రకం 3.2 అల్యూమినియం రివెట్ పక్కకి కోసే బలాన్ని కనీసం 500 న్యూటన్లు, అంటే 50 కిలోల బరువంత ఆపాలని ప్రమాణం. కూలర్ తలుపుకి అది ఎక్కువే, మనిషి కాలు పెట్టి ఎక్కే మెట్టుకి ఏ మూలకి?

బిగించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. తెగిన సూది ఒక్కోసారి ఎగిరి పడుతుంది, దాని కొన పదును. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే ఇంట్లో ఆ ముక్కల్ని ఎప్పటికప్పుడు డబ్బాలో వేయాలి.

పాత రివెట్ తీయడం వేయడం కంటే కాస్త ఓపిక పని. గుంటలో సూది ముక్క అడ్డుంటే సన్నటి మేకు పెట్టి సుత్తితో ఒక దెబ్బ కొడితే వెనక్కి పడిపోతుంది. తరవాత కన్నం సైజు బిట్‌తో టోపీ మధ్యలో డ్రిల్ చేస్తే టోపీ ఉంగరంలా ఊడి బిట్‌కి చుట్టుకుంటుంది, మిగతాది అవతలికి నెట్టేయొచ్చు. చాలాసార్లు రివెట్ వదులుగా ఉండి బిట్‌తో పాటే తిరుగుతుంది. అప్పుడు టోపీ అంచు కింద పల్చటి స్క్రూడ్రైవర్ దూర్చి పట్టుకుంటే ఆగుతుంది. కన్నం సాగిపోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే అదే సైజు మళ్లీ వేయకుండా 4.1తో శుభ్రంగా పెద్దది చేసి నాలుగు మిల్లీమీటర్ల రివెట్ వేయండి. అంచుకి అంత చోటు లేకపోతే పాతదాన్ని వదిలేసి, ఒక సెంటీమీటరు పక్కన కొత్త కన్నం పెట్టుకోవడమే.